మెదడులో 150 మందికే చోటా? కోతుల దగ్గర మొదలుపెట్టి పెళ్లి లిస్టు దాకా చెబుతాను

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో: కొండాపూర్‌లో ఉంటున్నారు, ఫోన్‌లో 2,100 నంబర్లు, 40కి పైగా వాట్సాప్ గ్రూపులు. పోయిన నెల అర్ధరాత్రి 103 జ్వరం వస్తే ఎవరికి ఫోన్ చేయాలో తోచలేదు, చివరికి పేరు కూడా తెలియని ఎదురు ఫ్లాట్ ఆయన మిమ్మల్ని ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఆ తర్వాత ఎక్కడో "మనిషి మెదడు 150 మందినే మోయగలదు, అసలు భాష పుట్టిందే చాడీలు చెప్పుకోవడానికి" అని చదివారు. ఇవి నిజమేనా, నాలో ఏమైనా లోపం ఉందా అని అడుగుతున్నారు.

సూటిగా చెప్తాను. 150 అనేది ఉజ్జాయింపు లెక్క, దాన్ని పట్టుకుని వేలాడొద్దు. దాని వెనకున్న సంగతి మాత్రం గట్టిది: ఏ బంధం నిలవాలన్నా దానికి రోజూ కొంత టైం పోయాలి, ఆ టైం ఎవరికీ ఎక్కువ ఉండదు. భాష చాడీల కోసమే పుట్టిందని ఎవరూ రుజువు చేయలేదు. ఇక మీలో లోపమంటారా, జ్వరంలో అలా అనిపించడం సహజం, దాని సంగతి చివర్లో చూద్దాం.

నేను 28 ఏళ్లు డిగ్రీ, పీజీ పిల్లలకు మానవశాస్త్రం చెప్పాను. రిటైరై హబ్సిగూడలో ఉంటున్నాను. పరిశోధన రోజుల్లో ఒక గుడి దగ్గర కోతుల గుంపు వెనక స్టాప్‌వాచీ, నోట్‌బుక్కు పట్టుకుని తిరిగాను. పది నిమిషాలకోసారి ఎవరు ఏం చేస్తున్నారో గీతలు గీయడమే పని. గుడికి వచ్చేవాళ్లు నన్ను చూసి పాపం ఈ పిల్లకి ఏమైందో అనుకునేవాళ్లు. మొదటి వారం ఒక్క కోతినీ గుర్తుపట్టలేకపోయాను. మూడో వారానికి చెవి చిరిగినది, తోక కురచది, ఎప్పుడూ గోడ మీదే కూర్చునేది, ఇలా ఒక్కొక్కటీ మనిషిలాగే తెలిసిపోయింది. నోట్‌బుక్కులో తిండి తర్వాత ఎక్కువ గీతలు పడింది ఒకదాని బొచ్చు ఒకటి దువ్వుకోవడం దగ్గరే. పేలు చూసుకోవడం అనుకోండి, కానీ పేలు లేకపోయినా చూసుకుంటూనే ఉంటాయి. చెవి చిరిగిన దాని మీదికి పెద్ద మగకోతి వస్తే అడ్డం పడ్డది ఎవరయ్యా అంటే, పొద్దున అరగంట సేపు దాని వీపు చూసిన ముసలి కోతే. ప్రతిసారీ అలా జరిగిందని చెప్పను, అయినా ఎవరు ఎవరికి వస్తారో పందెం వేస్తే గెలిచేదాన్ని.

ఎందుకలా అంటే, బొచ్చు మీద అలా నెమ్మదిగా వేళ్లు ఆడితే శరీరం లోపల ఎండార్ఫిన్లు ఊరతాయి. మన ఒళ్లే తయారుచేసుకునే నల్లమందు అనుకోండి. తలపోయిన్ అనే చిన్న ఆఫ్రికా కోతుల మీద చేసిన పరిశోధన 1989లో వచ్చింది. వాటికి ఆ నల్లమందు పనిచేయకుండా అడ్డుకునే మందు ఇస్తే, తమను ఇంకా ఇంకా దువ్వమని మిగతావాటి దగ్గరికి వెళ్లాయి. అంటే అక్కడ జరుగుతున్నది శుభ్రత ఒక్కటే కాదన్నమాట.

చిక్కల్లా టైంతోనే. కోతి తినాలి, తిరగాలి, పడుకోవాలి. ఎంత కలుపుగోలు జాతి అయినా ఈ దువ్వుకోవడానికి పగటి వేళలో ఐదో వంతుకు మించి ఇవ్వలేదు. గుంపు పెరిగితే దువ్వాల్సిన వీపులూ పెరుగుతాయి. రాబిన్ డన్‌బార్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1992లో పట్టుకున్నది ఇక్కడే. కోతులు, చింపాంజీల్లాంటి తోకలేని వానరాల జాతుల్లో మెదడు పైపొర, అంటే నియోకార్టెక్స్, మిగతా మెదడుతో పోలిస్తే ఎంత పెద్దగా ఉంటే గుంపు అంత పెద్దగా ఉంటుందని ఆయన ఒక గీత గీశాడు. అదే గీతను మనిషి మెదడు దాకా పొడిగిస్తే 148 దగ్గర ఆగింది, దాన్నే జనం 150 చేశారు. ఆ అంచనా అటూ ఇటూ ఎంత దాకా పోవచ్చో ఆయనే ఇచ్చిన ఎడం 100 నుంచి 231 దాకా ఉంది. ఈ ముక్క ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

ఇక భాష. 150 మందిని కోతుల పద్ధతిలో వీపు దువ్వి దగ్గర పెట్టుకోవాలంటే పగలు 40 శాతం పైగా దానికే పోతుంది, ఇక తిండెప్పుడు వెతుక్కుంటాం? కాబట్టి చేతులతో చేసే పని నోటితో చేయడం మొదలుపెట్టామని డన్‌బార్ వాదన. మాటకు చేతులు అక్కర్లేదు, దుంపలు తవ్వుతూ మాట్లాడొచ్చు, ఒకేసారి ముగ్గురితో మాట్లాడొచ్చు.

ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు నల్గొండ దగ్గర మా అమ్మమ్మ ఊళ్లో ఇంటి అరుగు గుర్తొచ్చింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక అరుగు మెట్ల మీద ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు కూర్చునేవాళ్లు. చివరి మెట్టు మీద నేను. వెనకామె ముందామె తలలో పేలూ ఈపులూ చూస్తుంది, ముందామె తన ముందామెకు చూస్తుంది. చేతుల పని చేతులదే, నోటి పని నోటిదే. ఎవరి కోడలు పుట్టింటికి ఎందుకు పోయిందీ, ఎవరి బర్రె పాలు తగ్గించిందీ, చిట్టీ పాడుకున్నాయన డబ్బు కడతాడా ఎగ్గొడతాడా, అన్నీ ఆ మెట్ల మీదే తేలేవి. కోతుల కాలం నాటి పద్ధతీ, మాటలొచ్చాక వచ్చిన పద్ధతీ రెండూ కలిపి వాడుతున్నారని అప్పుడు నాకేం తెలుసు, తల కదిపితే మొట్టికాయ పడుతుందని తప్ప.

మీరు చదివినచోట "చాడీలు" అన్నారు, ఆ మాట దగ్గరే తప్పు. చాడీలంటే ఒకరి మీద ఇంకొకరికి ఎక్కించడం. ఇక్కడ చెప్తున్నది ముచ్చట్ల గురించి: ఎవరు ఎట్లున్నారు, ఎవరికి ఎవరితో పడటం లేదు, ఎవరిని నమ్మొచ్చు. జనం మామూలుగా మాట్లాడుకునేటప్పుడు విని లెక్కపెడితే మూడింట రెండు వంతులు ఇలాంటి మనుషుల సంగతులే ఉన్నాయని డన్‌బార్ బృందం తేల్చింది, అందులో ఒకరిని తిట్టిపోయడం చాలా తక్కువ.

మాటకూ హద్దుంది. మా పిల్లలకు ఒక హోంవర్క్ ఇచ్చేదాన్ని: సికింద్రాబాద్‌లో ఏదైనా ఇరానీ హోటల్లో కూర్చుని పక్క టేబుళ్ల మీద ఎంతమంది ఒకే ముచ్చటలో ఉన్నారో రాసుకురండి అని. (బిస్కెట్ల ఖర్చు నా మీదే వేసేవాళ్లు.) నలుగురి దాకా ఒకే ముచ్చట నడుస్తుంది. ఐదో మనిషి కుర్చీ లాక్కుని కూర్చున్నాక కాసేపటికి అది రెండుగా చీలిపోతుంది, ఒకవైపు క్రికెట్టు, ఇంకోవైపు ప్లాటు రేటు. ఒకరు మాట్లాడితే ముగ్గురు వినడం, దాదాపు అంతే. ఇంగ్లండ్‌లో లెక్కపెట్టినా ఇదే నాలుగు వచ్చింది. మీ గ్రూపులో 256 మంది ఉన్నా మాట్లాడేది ఎప్పుడూ ఆ నలుగురేనని విసుక్కుంటాం చూడండి, ఆ విసుగు మీకొక్కరికే కాదు.

నన్నడిగితే భాష చేసిన అసలు పెద్ద పని ముచ్చట్లు కాదు, వరుసలు. ఈ విషయంలో నాకూ నా తోటి టీచర్లకూ ఎప్పుడూ వాదనే, ఇది నా అభిప్రాయమనే తీసుకోండి. కోతికి తన తల్లి తెలుసు, తన పక్క కోతి ఎవరి పిల్లో కూడా తెలుసు. కానీ "మా అత్తగారి మేనమామ కొడుకు" అనే మనిషిని కళ్లతో చూడకుండా తలలో పెట్టుకోవడం దానికి చేతకాదు. మన భాషలో ఒక్క వరుస చెబితే ఎవరితో సరసమాడొచ్చో, ఎవరి ముందు లేచి నిలబడాలో, ఎవరిని పెళ్లి చేసుకోవచ్చో అన్నీ తెలిసిపోతాయి. పెదనాన్న కొడుకు అన్న, మేనమామ కొడుకు బావ. ఇంగ్లీషుకు ఇద్దరూ కజిన్లే. లూయిస్ హెన్రీ మోర్గన్ అనే అమెరికన్ 1871లో అచ్చేసిన పెద్ద గ్రంథంలో తెలుగు, తమిళ వరుసల పట్టికలు ఉన్నాయి. తమ దేశపు ఇరోక్వా ఆదివాసుల వరుసలూ మన వరుసలూ అంతగా కలవడం చూసి ఆయన ఆశ్చర్యపోయాడు. ఆ పోలికను పట్టుకుని ఆయన వేసిన ఊహలు నిలవలేదు, పట్టికలు మాత్రం నిలిచాయి. ఇప్పుడు ఆటో ఎక్కి "అన్నా, ఉప్పల్ వస్తవా" అంటాం. ముక్కూ మొహం తెలియని మనిషికి రెండక్షరాలతో వరుస కలిపేశాం. 150 దాటిన జనంతో బతకడానికి ఇదొక ఉపాయం, ప్రతి మనిషినీ విడిగా గుర్తుపెట్టుకోకుండా వరుసనో ఊరినో గుర్తుపెట్టుకోవడం. "మీదే ఊరు, ఎవరి తాలూకు" అని పెద్దవాళ్లు అడిగితే మీ తరానికి చిరాకు గానీ, వాళ్లు మిమ్మల్ని ఎక్కడ పెట్టుకోవాలో చూసుకుంటున్నారంతే.

ఇక అభ్యంతరాలు. ఇవి చెప్పకపోతే నా సమాధానమూ వాట్సాప్ ఫార్వర్డే అవుతుంది.

2021లో స్టాక్‌హోమ్ యూనివర్సిటీ వాళ్లు అదే రకం సమాచారాన్ని కొత్త లెక్కల పద్ధతులతో మళ్లీ చేశారు. ఒక పద్ధతిలో ఒక సంఖ్య, ఇంకో పద్ధతిలో ఇంకో సంఖ్య వచ్చింది, ఎడం 2 నుంచి 520 దాకా పోయింది. అంత ఎడం ఉంటే ఒకే అంకె చెప్పడం కుదరదన్నారు. 2017లో ఇంకో బృందం 140కి పైగా జాతులను చూసి, మెదడు సైజును గుంపు కంటే తిండి బాగా అంచనా వేస్తోందని, ఆకులు తినేవాటి కంటే పళ్లు తినేవాటికి మెదడు పెద్దదని తేల్చింది. ఉగాండాలోని న్గోగోలో చింపాంజీల గుంపు 200 దగ్గరికి పెరిగింది, మామూలుగా చింపాంజీలకు 50 అని పాఠాల్లో చెప్తాం. కాబట్టి మెదడు సైజు నుంచి గుంపు సైజుకు తిన్నగా రోడ్డు వేయడాన్ని నేను క్లాసులో ఎప్పుడో మానేశాను. టైం లెక్క మాత్రం మానలేదు.

భాష పుట్టుక సంగతి ఇంకా కష్టం, మాటలు రాళ్లలో మిగలవు కదా. 1983లో ఇజ్రాయెల్‌లోని కెబారా గుహలో సుమారు 60,000 ఏళ్ల నాటి నియాండర్తల్ (మనకు దగ్గరి చుట్టమై, అంతరించిపోయిన మానవ జాతి) మనిషి గొంతులోని చిన్న ఎముక దొరికింది, అది చూడ్డానికి మన ఎముకలాగే ఉంది. అంతమాత్రాన అతను మాట్లాడాడని చెప్పగలమా? సాక్ష్యం లేని వాదనలతో విసిగి పారిస్ భాషాశాస్త్ర సంఘం 1866లో భాష పుట్టుక మీద వ్యాసాలే తీసుకోమని నిబంధనల్లో రాసుకుంది. ముచ్చట్ల సిద్ధాంతానికి ఒక గట్టి ఎదురు ప్రశ్న కూడా ఉంది: మాట చవక, అబద్ధం ఇంకా చవక, అరగంట సేపు నా వీపు చూసినవాణ్ని నమ్ముతాను గానీ "నేనున్నా" అన్నవాణ్ని ఎందుకు నమ్మాలి? దీనికి పూర్తి సమాధానం ఎవరూ ఇవ్వలేదనే నా ఉద్దేశం. రాయి చెక్కడం నేర్పడానికి, వేటకు, తల్లీబిడ్డల మధ్య, ఇలా వేరే దారులు చెప్పేవాళ్లూ ఉన్నారు.

నాకు నచ్చిన పరిశోధన ఒకటి ఉంది. పాలీ వీస్‌నర్ అనే ఆవిడ ఆఫ్రికాలోని కలహారీ ఎడారిలో ఉండే జు/హోన్సీ జనం మాటలను పగలు, రాత్రి విడివిడిగా రాసి 2014లో అచ్చేశారు. పగటి మాటల్లో మూడో వంతు దాకా ఫిర్యాదులూ తగువులూ, ఇంకో మూడో వంతు దగ్గర దగ్గరగా తిండీ పనీ, కథలు 6 శాతం. రాత్రి నెగడు దగ్గర కథలు 81 శాతం. పని చేయలేని చీకటి టైంని నిప్పు మనకు మిగిల్చిపెట్టింది, ఆ టైంని బంధాలకు వాడుకున్నాం. ఇది చదివినప్పుడు ఒళ్లు ఝల్లుమంది, ఎందుకంటే నల్లమలలో నేను చూసిన రాత్రులు సరిగ్గా అలాంటివే.

చెంచుల ఊళ్లను పెంటలంటారు, కొన్ని గుడిసెలు, కొన్ని కుటుంబాలు. 1940 ప్రాంతంలో హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశస్థుడు అప్పటి హైదరాబాద్ సంస్థానంలో అమ్రాబాద్ వైపు వాళ్లతో ఉండి పుస్తకం రాశాడు. నేను వెళ్లేనాటికి చాలా మారిపోయింది గానీ ఒకటి మిగిలింది. ఒక పెంటలో ఇద్దరు అన్నదమ్ములకు బాగా చెడింది, మర్నాటికి చూస్తే తమ్ముడు పెళ్లాం పిల్లలతో వాళ్ల మామ ఉండే పెంటకు వెళ్లిపోయాడు. పంచాయితీ లేదు, కేసు లేదు. రెండేళ్లకు మళ్లీ వెళ్తే ఇద్దరూ ఒకే నెగడు దగ్గర కూర్చున్నారు. గుంపు చిన్నగా ఉండటానికి మెదడే కారణం కానక్కర్లేదు, ఇలా విడిపోయే వీలుండటం కూడా కారణమే. మా అపార్ట్‌మెంట్లో 300 ఫ్లాట్లు, నీళ్ల ట్యాంకర్ డబ్బుల మీద గ్రూపులో మూడు నెలలు యుద్ధం నడిచింది. ఎక్కడికి పోతాం, అందరికీ ఈఎంఐలు ఉన్నాయి. చివరికి బ్లాకుల వారీగా గ్రూపులు విడగొట్టాక సద్దుమణిగింది, 40 ఇళ్ల మధ్య అయితే ఎవరి మాట ఎవరిదో మొహం గుర్తొస్తుంది కాబట్టి కాస్త మర్యాద వచ్చింది.

మీకు పనికొచ్చేది 150 కాదు, లోపలి వలయాలు. డన్‌బార్ చెప్పేది ఒకదాని లోపల ఒకటి: 5, 15, 50, 150. మనుషులకు ఇచ్చే టైంలో 40 శాతం దాకా ఆ ఐదుగురికే పోతుంది, 15 మందికి కలిపి 60 శాతం. మా అమ్మాయి పెళ్లప్పుడు ఇది కళ్లారా చూశాను. మొత్తం లిస్టు 900. ఇంటికెళ్లి బొట్టు పెట్టి పిలిచిన ఇళ్లు 60 చిల్లర, కొరియర్ కార్డులు కొన్ని, మిగతా అంతా వాట్సాప్ కార్డు. బొట్టు పెట్టి పిలవని ఒక దూరపు వదిన ఇప్పటికీ మాతో మాట్లాడదు, ఆవిడ లెక్కలో ఆవిడ లోపలి వలయం మరి. కానీ పెళ్లికి ముందు రాత్రి వంటవాడు రాకుండా ఎగ్గొడితే అడగకుండా వచ్చి కూరగాయలు తరిగింది నలుగురే.

ఆ నలుగురి అంకె బ్రిటన్‌లో ఫేస్‌బుక్ వాళ్లను అడిగినా వచ్చింది. 2016లో అచ్చయిన పరిశోధన అది. సగటున 150 నుంచి 180 మంది దాకా ఫ్రెండ్స్ ఉన్నారు, కష్టంలో నిజంగా ఆదుకునేవాళ్లు ఎందరని అడిగితే నలుగురు. ఫ్రెండ్స్ లిస్టు పెద్దదైనవాళ్లకు ఈ అంకె పెద్దగా పెరగలేదు. మీ 2,100 నంబర్లు మీ దగ్గరితనానికి కొలత కాదు, కాబట్టి వాటిని చూసి బాధపడటమూ అనవసరం.

మరి మీ ఐదుగురు ఏమయ్యారు? మీరే రాశారు, ఉద్యోగం కోసం వరంగల్ నుంచి వచ్చి ఆరేళ్లు, మధ్యలో రెండు కంపెనీలు మారారు. మాట కలవకపోతే స్నేహం నెలల్లోనే పల్చబడుతుంది, చుట్టరికం అంత తొందరగా పోదు. స్కూలు ముగించి వేరే ఊళ్లకు వెళ్లిన పిల్లలను ఇంగ్లండ్‌లో ఏడాదిన్నర వెంటపడి చూస్తే, అమ్మాయిల స్నేహాలను మాటలు నిలిపాయి, అబ్బాయిల స్నేహాలను కలిసి చేసిన పనులు నిలిపాయి. అబ్బాయిలకు ఫోన్ మాటలు పెద్దగా పనిచేయలేదు. కాబట్టి మీ పాత రూమ్మేట్‌కు "హాయ్ రా" అని కొట్టే బదులు ఆదివారం బ్యాడ్మింటన్‌కు రమ్మనండి. కొత్త స్నేహానికి ఎంత టైం పడుతుందో కాన్సాస్ యూనివర్సిటీ జెఫ్రీ హాల్ లెక్క కట్టాడు: పరిచయం మామూలు స్నేహం కావడానికి 50 గంటలు, దగ్గరి స్నేహానికి 200 గంటల పైన. ఆఫీసులో పక్క పక్కన పనిచేసే గంటలకు అంత విలువ లేదు.

తొందర మార్గం ఒకటుంది, కలిసి పాడటం. 2015లో ఇంగ్లండ్‌లో పెద్దవాళ్ల పాటల క్లాసులను వేరే క్లాసులతో పోల్చి చూస్తే, ఏడు నెలలకు అందరూ ఒకేలా దగ్గరయ్యారు గానీ మొదటి నెలలో పాటలవాళ్లు ముందున్నారు. ఒకేసారి పదిమంది వీపులు దువ్వినట్టన్నమాట. మా అపార్ట్‌మెంట్లో ఏడాదంతా లిఫ్టులో తల తిప్పుకునే ఆడవాళ్లు బతుకమ్మ చుట్టూ మూడు రోజులు చప్పట్లు కొట్టి తిరిగాక నాలుగో రోజుకు ఒకరింటి సత్తుపిండి ఒకరింట్లో ఉంటుంది. మీకు బతుకమ్మ కుదరదంటే వినాయక చవితి భజన ఉంది, డప్పు ఉంది.

చివరగా ఆ ఎదురు ఫ్లాట్ ఆయన. వేటాడి, ఏరుకుని బతికే 32 సమాజాలను 2011లో పోల్చి చూస్తే, ఒక గుంపులో కలిసి ఉండేవాళ్లలో ఎక్కువమంది ఒకరికొకరు రక్తసంబంధం లేనివాళ్లే. పక్కన ఉన్నవాళ్లతోనే మనిషి ఎప్పటినుంచో నెట్టుకొచ్చాడు. జ్వరం తగ్గి నెలయిందంటున్నారు, ఆయన పేరు ఇంకా అడగలేదా బాబూ? సాయంత్రం వెళ్లి తలుపు కొట్టండి, ఏదైనా తినేది పట్టుకెళ్లండి. ఏం మాట్లాడాలో తోచకపోతే ఏ ఊరని అడగండి.